పిస్తా రంగు కుటుంబం

రంజాన్ నెలలో ఇంటిల్లిపాదికీ ఒకే రంగు బట్టలు కొనడమంత గొప్ప సాధన భూమ్మీద ఇంకోటి లేదు! ఆకలినీ దాహాన్నీ ఎవరైనా ఓర్చుకుంటారు. ట్రయల్ రూమ్ ముందు క్యూని ఓర్చుకున్నవాడే అసలైన ఉపవాసి. నమ్మబుద్ధి కావడం లేదా? అయితే ఫ్రిజ్జులు బాగుచేసే మన మెకానిక్ గారి సంగతి వినండి.

ఇంట్లో నలుగురు. ఆయన, భార్య, కూతురు, తల్లి. ఈసారి పండక్కి అందరూ పిస్తా రంగే వేసుకోవాలని భార్య ఫ్యామిలీ గ్రూప్‌లో ప్రకటించేసింది. పోయినేడు ఆవిడ చెల్లెలి కుటుంబం లావెండర్ రంగులో ఫొటో దిగితే చుట్టాలంతా ఆహా ఓహో అన్నారు మరి. పరువనేది ఒకటుంటుంది కదా!

గొంతు తడారిపోయే మిట్టమధ్యాహ్నం అందరూ షాపులో అడుగుపెట్టారు. సేల్స్‌మన్‌దీ ఉపవాసమే. మాట్లాడే ఓపిక అటు అతనికీ లేదు, ఇటు వీళ్ళకీ లేదు.

"ఇది పిస్తానేనా?"

"పిస్తానే సార్. ఇక్కడి లైట్లకి బఠానీలా కొడుతోంది గానీ, ఎండలో చూడండి."

ఎండలో చూశారు. నాచులా ఉంది.

"నాచు రంగు కట్టుకుని మా చెల్లెలి ముందు నిలబడమంటారా?" అంది భార్య.

మెకానిక్ గారు చెవులు రిక్కించారు. షాపులో ఏసీకి గ్యాస్ అయిపోవచ్చిందని చప్పుడుని బట్టే పసిగట్టారు. అయినా చెప్పలేదు. నిగ్రహమంటే అదీ!

షాపులన్నీ తిరగ్గా తిరగ్గా ఆయనకి చేతులు పొట్టయిన కుర్తా, కూతురికి నేలని ఊడ్చే గౌను దొరికాయి. తల్లికి మాత్రం ఒళ్ళంతా చమ్కీలు కుట్టిన చీర.

"నాకు మెత్తటి నూలుచీర చాలమ్మా. ఈ చమ్కీలు మెడ మీద గీరుకుంటాయి," అంది పెద్దావిడ.

"ఒక్క ఫొటోకేగా అత్తమ్మా! ఆ తర్వాత మార్చేసుకుందురు గానీ."

పెద్దావిడ కొడుకు వంక చూసింది. కొడుకు ధర చీటీ వంక చూశారు.

ఉపవాసం విడిచే వేళ బిల్లింగ్ క్యూలోనే వచ్చింది. వరస వదిలితే మళ్ళీ మొదటికే! అందుకని క్యూలో ఉన్నవాళ్ళంతా నిలబడే ఒక్కసారిగా నీళ్ళ సీసాలెత్తారు. ఇంట్లో కూర్చుంటే కుదురుతుందా ఇంత సామూహిక భక్తి?

పండగ తెల్లవారింది. నమాజు చేసుకుని వచ్చిన మెకానిక్ గారు, కొత్త చీరలో నిలబడ్డ తల్లి దగ్గరికి చేతులు చాచుకుని వెళ్ళబోయారు.

"ఆగండాగండి! ఇస్త్రీ నలిగిపోతుంది. ఫొటో అయ్యాక!" భార్య అడ్డం పడింది. నాన్నమ్మ మీదికి దూకబోయిన కూతుర్నీ రెక్క పట్టుకుని ఆపింది.

ఫొటో అయింది. ఒకరు కళ్ళు మూశారని మళ్ళీ అయింది. నవ్వు చాల్లేదని మళ్ళీ. చివరికి గ్రూప్‌లో పెట్టారు. అంతే, లైకులు వానలా కురిశాయి! భార్య లైకులు చూసుకుంటోంది. కూతురు ఫిల్టర్లు మారుస్తోంది. మెకానిక్ గారు కూడా బొటనవేలితో స్క్రీన్ తోస్తూ ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

పెద్దావిడ మంచం అంచున కూర్చుని, ఎర్రగా కందిన మెడ రుద్దుకుంటోంది.

"ఫొటో అయిపోయిందా నాన్నా?"

"అయిపోయిందమ్మా."

"అయితే ఇప్పుడు రావచ్చా నీ దగ్గరికి?"

మెకానిక్ గారి బొటనవేలు ఆగిపోయింది. ఫోన్ పక్కన పడేసి, లేచి వెళ్ళి తల్లిని కావలించుకున్నారు. చమ్కీలు బుగ్గకి గుచ్చుకున్నాయి. వదల్లేదు. ఆవిడా వదల్లేదు.

"ఏవండీ, చెల్లి వీడియో కాల్‌లో ఉంది! అత్తమ్మనీ తీసుకురండి!" అని హాల్లోంచి కేక. వెళ్ళారు.

"అయ్యో అక్కా! మీ తల్లీకూతుళ్ళ బట్టలేమో అంత నీటుగా ఉన్నాయి. బావగారి కుర్తా, అత్తమ్మగారి చీర అలా నలిగిపోయాయేంటి?" అంది చెల్లెలు.

భార్య ఆయన్ని కొరకొరా చూసింది. మెకానిక్ గారు మాత్రం తల్లి భుజం మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

చూశారా మ్యాచింగ్ మహిమ! ఇన్ని షాపులు తిరిగినందుకు ఆ ఇంట్లో ఇద్దరి బట్టలకైనా జత కుదిరింది.