తేజేశ్వర్ గారి మూత ఉన్న స్విచ్చు

మిచిగాన్ రాష్ట్రం, ట్రాయ్ పట్టణ వాస్తవ్యులు శ్రీ తేజేశ్వర్ గారు, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా కింది బాణం మీటను ఒక్కసారి నొక్కవలసి రావడమనే దుర్భర సమస్యను ఎనిమిది నెలల అకుంఠిత దీక్షతో శాశ్వతంగా పరిష్కరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ పరిష్కారం వల్ల ఆయన భార్య కొంప మునగబోయిన మాట కూడా వాస్తవమే గాని, శుభమా అని మొదలుపెడుతూ అదెందుకు?

సమస్య ఇది. ఇంట్లో కంప్యూటర్ ఒకటే, దానిలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు. ఒకటి విండోస్. పన్నులు, పిల్ల స్కూలు ఫారాలు, వీసా కాగితాలు, ఇల్లు నడవడానికి కావలసినవన్నీ దాంట్లోనే. రెండోది లైనక్స్. దానితో ఇంట్లో ఎవరికీ పని లేదు, అందుకే తేజేశ్వర్‌కు అదంటే ప్రాణం. పవర్ బటన్ నొక్కగానే తెర మీద జాబితా వచ్చి రెంటిలో ఏది కావాలని అడుగుతుంది. పది సెకన్లలో చెప్పకపోతే లైనక్స్ తెరిచేస్తుంది. తేజేశ్వర్ బటన్ నొక్కి కాఫీకి వెళ్తాడు. వచ్చేసరికి లైనక్స్ నవ్వుతూ ఉంటుంది. మళ్లీ ఆపడం, మళ్లీ నొక్కడం, ఈసారి చక్కెర మరిచిపోయానని వంటింట్లోకి పోవడం.

మామూలు మనిషైతే ఆ పది సెకన్లు కుర్చీలో కూర్చుంటాడు. తేజేశ్వర్ ఇంజనీరు. అందులోనూ స్విచ్చుల ఇంజనీరు. కార్ల కంపెనీలకు సామాన్లు అందించే ఒక సంస్థలో పదకొండేళ్లుగా కారు కిటికీ అద్దం పైకి లేపే మీటకు ప్రోగ్రాము రాస్తున్నాడు. అద్దం కిందికి దించే పని వేరే టీముది, వాళ్లతో ఈయనకు మాటల్లేవు. ఇంతటి అనుభవజ్ఞుడు బాణం మీట నొక్కుతూ బతకడమేమిటని ఆయనకే అనిపించింది.

సరిగ్గా ఆ ఎనిమిది నెలలే పక్కగదిలో ఆయన భార్య రాగిణి ఒక పరీక్షకు చదువుతోంది. ఇండియాలో చదివిన చదువు ఈ దేశంలో చెల్లాలంటే ఆ పరీక్ష పాసవ్వాలి. డిపెండెంట్ వీసా మీద వచ్చి తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చున్న మనిషి. ఇప్పటికి పని చేసుకోవడానికి అనుమతి వచ్చింది, ఒకచోట తీసుకుంటామని మాట కూడా ఇచ్చారు, పరీక్ష ఒక్కటే మిగిలింది. ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో రాయవచ్చు, కాని విండోస్‌లో మాత్రమే. ఉదయం తొమ్మిదింటికి మొదలు, తొమ్మిదీ పావు దాటితే లోపలికి రానివ్వరు. ఇది తప్పితే మళ్లీ ఆరు నెలలకు గాని లేదు. అప్పటిదాకా ఆ ఉద్యోగం ఈవిడ కోసం కాచుకొని కూర్చోదు.

భార్యకు సాయపడాలని తేజేశ్వర్‌కు మనసారా ఉంది. ఇది వెటకారం కాదు, నిజంగానే ఉంది. వంట చేయడం, పిల్లను సంగీతం క్లాసుకు దింపడం లాంటి చిల్లర సాయాలు ఎవరైనా చేస్తారు. ఇంజనీరు మొగుడు మాత్రమే చేయగలిగిన సాయం ఏదో ఉండాలి కదా. పరీక్ష రోజు రాగిణి బాణం మీట నొక్కే అవస్థ పడకూడదని, ఒక్క స్విచ్చు వేస్తే తిన్నగా విండోస్ రావాలని ఆయన సంకల్పించాడు.

వస్తువు ముచ్చటైనదే, కాదనకూడదు. వేలెడంత సర్క్యూట్ బోర్డు. కంప్యూటరుకు తగిలిస్తే పెన్ డ్రైవులా నటిస్తుంది. దానిలో ఒకే ఫైలు, ఆ ఫైలులో ఒకే అంకె. స్విచ్చు ఒకవైపుంటే ఒకటి, రెండోవైపుంటే సున్నా. కంప్యూటరు మేలుకుంటూనే ఆ అంకె చదువుకొని దాని ప్రకారం విండోసో లైనక్సో తెరుస్తుంది. ఒక శని ఆదివారాల్లో తేలిపోయే పని. కాని దానికో పెట్టె కావాలి, పెట్టెను త్రీడీ ప్రింటర్‌లో ఏడుసార్లు అచ్చు పోశాడు. పదకొండు పేజీల డాక్యుమెంటు రాశాడు. ఆఫీసు మిత్రులు దాన్ని సమీక్షించి ఎనిమిదో పేజీలో ఒక కామా మార్చమన్నారు. చివరికి యుద్ధవిమానాల్లో క్షిపణి వదిలే మీటకుండే ఎర్రటి మూత ఒకటి తెప్పించి దానిమీద బిగించాడు.

"మూత ఎందుకు నాన్నా?" అంది పన్నెండేళ్ల కూతురు తార.

"పొరపాటున ఎవరైనా టచ్ చేస్తే?"

"చేస్తే ఏం అవుతుంది? ది అదర్ వన్ వస్తుంది. దట్స్ ఇట్?"

ఈ దేశంలో పెరిగిన పిల్లలకు గాంభీర్యం తెలియదు. తేజేశ్వర్ మూత మరలు ఇంకాస్త బిగించాడు.

స్విచ్చు మీద ఏ వైపు ఏమిటో రాయలేదు. మంచి డిజైనుకు రాత అక్కర్లేదని ఆయన సిద్ధాంతం, చూడగానే తెలియాలట. ఇక స్విచ్చు ఉండగా పాత జాబితాతో పనేముందని దాన్ని తీసేశాడు. పది సెకన్లూ పోయాయి, బాణం మీటా పోయింది.

పరీక్ష మంగళవారం. అంతకుముందు శనివారం ప్రారంభోత్సవం. మూతకు పసుపు రాసి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ మాత్రం గరాజులో కొట్టారు, ఎందుకంటే నీళ్లు పడితే బోర్డు పోతుందని పదకొండు పేజీల్లో ఉంది. ముఖ్య అతిథి, నాలుగిళ్ల అవతల ఉండే ఆంజనేయప్రసాద్ గారు. ఈయన కార్ల కంపెనీలో రిటైరై తెలుగు సౌరభ సమితికి ఆరోసారి ఏకగ్రీవంగా అధ్యక్షులైనవారు. గదిలో ఉన్నది నలుగురే అయినా ఆయన లేచి నిలబడ్డారు.

"సభకు నమస్కారం! మన తెలుగువాడు ఎక్కడున్నా సృష్టికర్తే. ఇవాళ ఇది స్విచ్చు కావచ్చు, రేపు ఏమవుతుందో మనకు తెలీదు. తేజేశ్వర్‌కు కూడా తెలీదు!"

చప్పట్ల తర్వాత ఆయన మూత ఎత్తి మీటను పైకి నెట్టారు. లైనక్స్ వచ్చింది. అధ్యక్షుల వారి ముఖం వాడిపోయింది.

"అంకుల్, విండోస్‌కి కిందికి అనాలి" అన్నాడు తేజేశ్వర్. "మన ఇళ్లలో స్విచ్చు కిందికంటేనే కదా ఆన్."

"అది ఇండియాలోనయ్యా! ముప్పై ఆరేళ్ల నించి చూస్తున్నా, ఇక్కడ పైకంటేనే ఆన్. రేపు దీన్ని ఒక అమెరికన్ వాడితే? నవ్వడూ?"

"ఐ టోల్డ్ యూ, పైకే అని!" అంది తార.

ఆ స్విచ్చును ఒక అమెరికన్ ఎందుకు వాడతాడో ఎవరూ అడగలేదు. ప్రపంచస్థాయి అనే మాట వినిపిస్తే మనవాళ్లు ఇంకేమీ అడగరు. తేజేశ్వర్ ఆ సాయంత్రమే వైర్లు అటువి ఇటు మార్చి పైకంటే విండోస్, కిందికంటే లైనక్స్ అని ఖాయం చేశాడు. ఈ చారిత్రక సవరణను సమితి వాట్సాప్ గ్రూపులో రెండువందల పన్నెండు మందికి తెలియజేశాడు. రాగిణికి చెప్పలేదు. ఆమె చదువుకుంటోంది, డిస్టర్బ్ చేయకూడదని.

మంగళవారం ఉదయం ఎనిమిదీ నలభైకి రాగిణి తలస్నానం చేసి, దణ్ణం పెట్టుకొని, ఐడీ కార్డు పక్కన పెట్టుకొని స్విచ్చు కిందికి నెట్టి, మూత వేసి, పవర్ బటన్ నొక్కింది. లైనక్స్ వచ్చింది.

"ఏమండీ! ఒకసారి రండి. వేరేది వచ్చింది!"

తేజేశ్వర్ పరిగెత్తుకొచ్చాడు. ఆయన ముఖంలో కంగారు ఉండవలసిన చోట ఆసక్తి ఉంది.

"ఎటు వేశావ్?"

"కిందికి."

"కిందికెందుకు వేశావ్?"

"ఆన్ చేయడానికి! పుట్టినప్పటి నించీ ఆన్ అంటే కిందికే కదండీ?"

"మార్చాను కదా. గ్రూపులో పెట్టాను, చూళ్లేదా?"

రాగిణి స్విచ్చు మీద చెయ్యి వేయబోయింది. "ముట్టుకోకు!" అని అరిచాడు. ఎందుకు అరిచాడో ఆయనకే తెలియదు. తనే మీటను పైకి నెట్టి, పద్ధతి ప్రకారం మూత వేసి, రీస్టార్ట్ చేశాడు. మళ్లీ లైనక్సే. ఇంకోసారి పైకి, ఇంకోసారి మూత, ఇంకోసారి లైనక్స్. ఎనిమిదీ యాభై రెండు.

"బాణం మీటతో ఎంచుకోలేమా?"

"అది తీసేశాను."

"పోనీ ఈ స్విచ్చు పీకేస్తే?"

"పీకితే లైనక్సే వస్తుంది. ఉండు, ఇంట్రెస్టింగ్‌గా ఉంది. ఒక్కసారి లాగ్ ఫైలు చూస్తాను."

"నా పరీక్షండీ!" అంది రాగిణి. "తొమ్మిదేళ్లండీ. మీకు ఇంట్రెస్టింగా?"

"రెండు నిమిషాలు" అన్నాడు తేజేశ్వర్, తెర మీంచి కళ్లు తిప్పకుండా. ఇంజనీర్ల రెండు నిమిషాలు ఎంతసేపుంటాయో వాళ్లను కట్టుకున్నవాళ్లకు తెలుసు.

రాగిణికి బాగా తెలుసు. ఐడీ కార్డు తీసుకొని, కోటు కూడా వేసుకోకుండా, ఇంట్లో చెప్పులతో ఆరంగుళాల మంచులో నాలుగిళ్లు నడిచి, ఆంజనేయప్రసాద్ గారి తలుపు బాదింది. ఆయన భార్య జ్ఞానప్రసూన గారు తీశారు. ఆవిడ దగ్గరొక పాత కంప్యూటరు ఉంది, భజనలు వినడానికి. దానిలో ఉన్నది ఒక్క విండోసే. ఒక్క బటన్ నొక్కితే వస్తుంది, ఆలస్యంగానైనా వస్తుంది.

"గదిలో ఇంకెవరూ ఉండకూడదటండీ, చప్పుడు కూడా వినిపించకూడదట" అంది రాగిణి, చెప్పుల మంచు గుమ్మంలో దులుపుకుంటూ.

జ్ఞానప్రసూన గారు ఆలోచించలేదు. టీవీ కట్టేశారు. గురకతో సహా నానా చప్పుళ్లూ చేయగల భర్తను గరాజులో కారులో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. "అమ్మాయి పరీక్ష అయ్యేదాకా బయటికొస్తే మర్యాద దక్కదు" అని కూడా చెప్పారు. తొమ్మిదీ పన్నెండుకు రాగిణి లోపలికి చేరింది. అధ్యక్షుల వారు పరీక్ష సాగిన నాలుగు గంటలూ కారులో కూర్చొని, రాబోయే సభకు ప్రసంగం రాసుకున్నారు.

ఇక్కడ ఇంట్లో తేజేశ్వర్ తొమ్మిదీ నలభైకి తప్పు పట్టేశాడు. మూత వేస్తే అది మీటను కిందికి నెట్టేస్తుంది! మొదట్లో కిందికంటే విండోస్ కాబట్టి అది వరమైంది, వైర్లు మార్చాక శాపమైంది. మూత తెరిచి ఉంచితే చాలు. "దొరికింది!" అని కేకేశాడు. ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు గాని భార్య ఎప్పుడు వెళ్లిపోయిందో తనకు తెలియదని తట్టలేదు. సిగ్గేసింది. నిజంగానే, ఒళ్లంతా చెమట పట్టేంత సిగ్గేసింది. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి సంఘటన మీద నివేదిక రాయడం మొదలుపెట్టాడు. మూలకారణం అన్న చోట చాలాసేపు ఆలోచించి, "వినియోగదారుకు శిక్షణ కొరవడుట" అని నమోదు చేశాడు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. రాగిణి పాసైంది. తేజేశ్వర్ ఆ వార్తను నివేదికతో సహా గ్రూపులో పెట్టాడు. నూట తొంభై మంది అభినందించారు, ఆయన్ని.

మార్చిలో సమితి వారి మహిళా దినోత్సవ సభ. ఆ సందర్భంగా, భార్య ఉన్నతికి సాంకేతికంగా తోడ్పడిన భర్తగా తేజేశ్వర్‌కు సన్మానం తలపెట్టారు. శాలువా, జ్ఞాపిక, "మహిళాభ్యుదయ సాంకేతిక రత్న" బిరుదు. తేజేశ్వర్ వద్దన్నాడు. రెండుసార్లు అన్నాడు, మూడోసారి అనలేదు. సభకు వారం ముందు జ్ఞాపిక చెక్కించే శశికాంత్ ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన ఏం పరీక్ష రాసింది? పేరేం వేయమంటవ్?"

తేజేశ్వర్ నోరు తెరిచాడు. స్విచ్చు మోడల్ నంబరు నోటికి వచ్చింది, మూత కొలతలు దశాంశాలతో సహా గుర్తొచ్చాయి. పరీక్ష పేరు మాత్రం రాలేదు. రాగిణి చాలాసార్లు చెప్పింది. ఆమె చెబుతున్నప్పుడల్లా ఈయన సరేననే అన్నాడు. వంటింట్లోకి వెళ్లి ఇప్పుడడగడానికి మొహం చెల్లలేదు.

"కఠినమైన పరీక్ష అని వేసెయ్ తమ్ముడూ" అన్నాడు.

అలాగే చెక్కారు. సభలో ఆంజనేయప్రసాద్ గారు అది రెండుసార్లు చదివి వినిపించారు. ఏ పరీక్ష అని హాల్లో ఎవరూ అడగలేదు. ప్రశ్నల సమయంలో మగవాళ్లు లేచి స్విచ్చు ఎక్కడ దొరుకుతుందని అడిగారు, ఒకాయన మూత ఇంకే రంగుల్లో వస్తుందని అడిగాడు. రాగిణిని కూడా వేదిక మీదికి పిలిచారు, శాలువా రెండో కొస పట్టుకోవడానికి.

తేజేశ్వర్‌ను చూసి మీకు నవ్వొస్తోంది కదూ. నవ్వండి, తప్పులేదు. చెబుతున్నవాడు కూడా వైర్లు ఎటు మార్చారో, మూత ఎటు పడుతుందో వర్ణించే హడావుడిలో ఆవిడ ఏం చదువుకుందో చెప్పడం మరిచాడు. మీరేమో ఇక్కడిదాకా శ్రద్ధగా విన్నారు, ఒక్కసారైనా అడిగారా?