పెట్టెకి అడ్డంగా కారు

ఆ గురువారం ఉదయం చేయవలసిన పనులన్నీ ఆయన ముందురోజే వరసగా అనుకుని పెట్టుకున్నాడు. ఎనిమిదింటికల్లా స్నానం. తొమ్మిదికి ఇంటర్నెట్ కంపెనీకి ఫోను. పదికల్లా లైను బాగుచేయించడం. పదకొండుకి భార్యను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, గది తలుపు వేసి, బయట కాపలా కూర్చోవడం. ఇందుకోసం తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో సెలవు కూడా పెట్టాడు.

"నువ్వు ఇంటర్వ్యూ సంగతి చూసుకో. మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆ మాట వింటేనే భార్యకి గుండె జారిపోతుంది. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆయన చూసుకుంటానన్నవి చాలా ఉన్నాయి. వంటింటి కుళాయి సంగతి ఆయన చూసుకున్నాక, స్నానాలగదిలో కుళాయి తిప్పితే వంటింట్లో నీళ్ళు రావడం మొదలైంది. మరదలు ఆయనకి 'చూసుకుంటా బావ' అని పేరు పెట్టింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన పొగడ్త అనుకుని నవ్వేవాడు.

భార్యది ఆసుపత్రుల్లో డాక్టర్లు గబగబా రికార్డు చేసి పంపిన మాటల్ని విని, ఒక్క తప్పు లేకుండా టైపు చేసి పంపే పని. ఆరేళ్ళుగా పడకగది కిటికీ పక్కన బల్ల వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అదే చేస్తోంది. ఆరేళ్ళూ కాంట్రాక్టే. ఏటా గడువు దగ్గరపడుతుంటే, ఉంచుతారో పంపించేస్తారో తెలియక ఆవిడకి అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఎన్నాళ్ళకో ఒక్క పర్మనెంటు ఉద్యోగం ఖాళీ అయింది. దానికి ఇంటర్వ్యూ వీడియోలో, పదకొండు గంటలకి.

ఇంట్లో ఇంటర్నెట్ పోయి పద్దెనిమిది రోజులైంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ మర్నాడు ఆయన ఫోనుకి ఒక సందేశం వచ్చేది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. సమస్య మాత్రం ఉన్నచోటే ఉండేది. ఆ వీధిలో సెల్‌ఫోను సిగ్నలు కూడా మేడమెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర తప్ప సరిగా అందదు. ఆవిడ రోజూ కంప్యూటరు సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి, చెల్లెలి ఇంటికి వెళ్ళి పని చేసుకుని వస్తోంది. చెల్లెలికి ఏడాదిన్నర కవలలు. వాళ్ళ ఏడుపుల మధ్య టైపు చేయొచ్చు గానీ ఇంటర్వ్యూకి కూర్చోలేరు.

తొమ్మిదికి ఆయన నాలుగో మెట్టు మీద నిలబడి ఫోను చేశాడు. విచిత్రం ఏమిటంటే, ఈసారి లైన్‌మాన్ నిజంగానే వచ్చాడు. పదింటికి గేటు ముందు మోటారు సైకిలు దిగి, హెల్మెట్ తీయకుండానే మొదలుపెట్టాడు.

"సార్, నేను రావడం ఇది నాలుగోసారి. మీ ఇంటి తీగ ఒక్కటే, వీధి తీగలన్నీ కలిసే ఆ పచ్చ పెట్టెలో ఊడింది. రెండు నిమిషాల పని. ఎప్పుడొచ్చినా పెట్టె తలుపుకి ఆనించి ఒక దిక్కుమాలిన కారు. 'పెట్టె అందుబాటులో లేదు' అని రాసేసి పోతున్నా. ఎవరండీ అక్కడ కారు పెట్టిన మహానుభావుడు?"

"అదే నేనూ కనుక్కుంటున్నాను" అన్నాడు ఆయన.

లైన్‌మాన్ చూపు ఆయన చేతిలో ఉన్న కారు తాళంచెవి మీద పడింది. ఆయన దాన్ని గుప్పిట్లో మూశాడు.

ఆ కారు ఎనిమిది నెలల కిందట కొన్న పాత కారు. అమ్మిన బ్రోకరు, దీనికి యజమాని ఒక్కడేనని, అతనైనా ఆదివారాలే బయటికి తీసేవాడని చెప్పాడు. కాగితాలు చూస్తే యజమానులు అయిదుగురు. ఆ అయిదుగురూ దాన్ని ఎందుకు వదిలించుకున్నారో ఆయనకి నెలకొక కారణం చొప్పున తెలుస్తూ వచ్చింది. మొదట్లో దాన్ని పక్కింటి లెక్కల మాస్టారి గేటు ముందు నిలిపేవాడు. మాస్టారు రెండుసార్లు మర్యాదగానూ, మూడోసారి మర్యాద లేకుండానూ చెప్పారు. అక్కడితో రెండిళ్ళ మగవాళ్ళకీ మాటలు ఆగిపోయాయి. ఆయన పౌరుషానికి పోయి, కారుని నాలుగడుగులు ముందుకి తెచ్చి, గోడ పక్కన నడుమెత్తున ఉన్న పచ్చరంగు ఇనప్పెట్టెకి ఆనించి పెట్టాడు. అందులో ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు. సరిగ్గా అక్కడే కారు స్టార్టవడం మానేసింది.

మెకానిక్కుకి తాళంచెవి ఇచ్చి చూడమన్నాడు. ఆయన దుకాణంలో ఉండగా మెకానిక్కు ఒకసారి వచ్చి, గంటసేపు బానెట్టులో తల పెట్టి, తాళంచెవి ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. ఏ సంగతైనా వీడియో తీసి పంపుతానన్నాడట. పనివేళ తనను విసిగించకుండా ఉంటాడని ఆయన మెకానిక్కుకి పాత నంబరు ఇచ్చి ఉన్నాడు. ఆ నంబరుకి వచ్చే సందేశాలు అందుకునే పాత ఫోను ఇంట్లో సొరుగులో ఉంటుంది. దాంట్లో సిమ్ము లేదు. ఇంట్లో ఇంటర్నెట్ ఉంటేనే దానికి ప్రాణం. ఇంటర్నెట్ రావాలంటే కారు కదలాలి, కారు సంగతి తెలియాలంటే ఇంటర్నెట్ రావాలి. ఈ ముడి వేసింది తనేనని ఆయనకి పదీ పావుకి అర్థమైంది. లైన్‌మానుకి అంతకు ముందే అర్థమైంది.

పదిన్నరకి ఆయన పడకగది తలుపు దగ్గరికి వెళ్ళి, పది నిమిషాల్లో లైను వచ్చేస్తుందని బయటినుంచే చెప్పాడు. లోపలినుంచి భార్య సరేనంది. ఇక తలుపు తట్టవద్దని, మనసు చెదురుతుందని కూడా అంది.

తర్వాత అరగంట ఆయన కారుతో చేయని ప్రయత్నం లేదు. తాళం తిప్పితే కారు ఒకసారి దగ్గి ఊరుకుంది. పెట్టె తలుపుకి సందు చేద్దామని లైన్‌మాన్ కారుని భుజంతో నెట్టి చూశాడు. పక్క అద్దం ఊడి అతని చేతిలోకి వచ్చింది. పదకొండు కొట్టింది. ఆయన లోపలికి పరుగెత్తి పడకగది తలుపుకి చెవి ఆనించాడు. లోపల చీమ చిటుక్కుమనలేదు. నల్లటి తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న భార్య ఆయన కళ్ళకి కట్టింది.  తలుపు తట్టబోయి, తట్టవద్దన్న మాట గుర్తొచ్చి, మళ్ళీ మేడమెట్లెక్కి మెకానిక్కుకి ఫోను చేశాడు.

మెకానిక్కు ఏదో బండి కింద పడుకుని మాట్లాడుతున్నాడు. తను పంపినవాటికి రెండు వారాలుగా జవాబు లేదని ముందు దులిపేశాడు. ఆయన క్షమాపణ లాంటిదేదో గొణిగి, కారుని ఇప్పుడే పక్కకి జరపాలని చెప్పాడు. సిగ్నలు గీరుకుంటూ వచ్చింది.

"జరుపుతారా? ముందు ఆ చక్రాల కింది రాళ్ళు కదప..." అని వినిపించి ఫోను తెగిపోయింది.

కదపండి అన్నాడో, కదపొద్దన్నాడో చెప్పే ముక్క గాలిలో కలిసిపోయింది. ఆయన మనసు ఏది కోరుతోందో అదే చెవికి వినిపించింది. ముందు చక్రాల కింద నిజంగానే రెండు బండరాళ్ళు ఉన్నాయి. ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్ళు వదిలేసినవని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మొదటి రాయి లాగితే కారు చిన్నగా మూలిగింది. లైన్‌మాన్ ఒకసారి మెకానిక్కుని మళ్ళీ అడుగుదామన్నాడు. ఆయన వినలేదు. రెండో రాయి లాగాడు. ఎవరూ తోయకుండానే కారు నెమ్మదిగా, పెద్దమనిషి కుర్చీలోంచి లేచినట్టు, పెట్టెను వదిలి ముందుకి కదిలింది.

"చూశావా, తోయక్కర్లేకుండానే" అన్నాడు ఆయన. ఎనిమిది నెలల్లో ఆ కారుని చూసి ఆయన గర్వపడింది ఆ మూడు క్షణాలే.

ఆ తర్వాత కారు ఆగలేదు. ఆ వీధి మాస్టారి ఇంటినుంచి మలుపు దాకా వాలుగా ఉంటుంది. ఆయన పక్కనే పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి పెట్టి చేతి బ్రేకు గుంజాడు. అది ఏ పట్టూ లేకుండా లేచి ఆయన చేతిలో ఊగింది. మలుపులో ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ పెద్ద స్తంభం ఉంది. దానిమీదనుంచే వీధిలో అన్ని ఇళ్ళకీ తీగలు వెళ్తాయి. కారు సూటిగా వెళ్ళి దాన్ని కౌగిలించుకుంది. స్తంభం ఒకవైపుకి ఒరిగింది. తీగలు ఒకదాని తర్వాత ఒకటి తెగి, కారు మీద పడ్డాయి. అదృష్టం కొద్దీ దారిలో మనుషులెవరూ లేరు.

లైన్‌మాన్ పచ్చ పెట్టె దగ్గరే నిలబడి ఇదంతా చూశాడు. తర్వాత పెట్టె తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు.

"సార్, ఇప్పుడు బాగా తెరుచుకుంటోంది" అన్నాడు.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ముందు మాస్టారు బయటికి వచ్చారు. వెనకాల మాస్టారి భార్య. ఆవిడ వెనకాల, ఇస్త్రీ చీరలో, మెడలో హెడ్‌ఫోన్లతో, తన భార్య.

"నువ్వక్కడేం చేస్తున్నావు?" అన్నాడు ఆయన.

"ఇంటర్వ్యూ."

"అయిపోయిందా?"

"సగంలో పోయింది" అంది ఆవిడ, మలుపులో కారుని చూస్తూ. "కష్టమైనవన్నీ అడగడం అయిపోయింది. ఇక ఎప్పుడు చేరగలవని అడుగుతున్నారు."

అసలు సంగతి మాస్టారి భార్య చెప్పింది. రెండు రోజుల ముందే ఆయన భార్య తమ ఇంటికి వచ్చి, మీ ఇంట్లో లైను బాగా ఉంది కదా, ఓ గంట కూర్చోనిస్తారా అని అడిగిందట. మాటల్లేని ఇల్లు గనక భర్తకి చెప్తే నొచ్చుకుంటాడని చెప్పలేదట. పదీ నలభైకి పెరటి తలుపు గుండా వచ్చిందట. మాస్టారు పాఠం చెప్తున్నట్టు గదిలో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదట.   మాస్టారు వెళ్ళి తన గేటు తలుపు, రెండుసార్లు తోసి చూసుకుని మరీ, గడియ వేసుకున్నారు.

ఒక ఇంటి ఫిర్యాదుకి పద్దెనిమిది రోజులు పట్టించుకోని కంపెనీ, వీధి మొత్తం ఫోను చేసేసరికి గంటలో లారీ పంపింది. సాయంత్రానికి కొత్త స్తంభం, కొత్త తీగలు. పచ్చ పెట్టెలో ఊడిన తీగ కూడా పనిలో పనిగా కలిపేశారు. ఇంట్లో ఇంటర్నెట్ రాగానే సొరుగులోని పాత ఫోను తెగిన బల్లి తోకలా కొట్టుకుంటూ మోగింది. మెకానిక్కు పంపిన పదకొండు సందేశాలు ఒక్కసారే దిగాయి. మొదటి వీడియోలో మెకానిక్కు చేతి బ్రేకు కేబులు పట్టుకుని నవ్వుతున్నాడు. ఇది అరిగిపోయింది, ఇదే కొలతది వెతకడానికి విప్పి తీసుకెళ్తున్నా, చక్రాల కింద రాళ్ళు పెట్టా, పొరపాటున కూడా కదపొద్దు అని నిదానంగా, స్పష్టంగా చెప్పాడు.

మూడు రోజులు భార్య మాట్లాడలేదు. కోప్పడలేదు కూడా. వేళకి అన్నం పెట్టేది, వేళకి హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. ఆరేళ్ళ కష్టం తన చేతులమీదుగా స్తంభానికి గుద్దుకుందని తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగలేదు. ఇన్నేళ్ళలో కుళాయి పాడైతే పైపుని, కారు పాడైతే బ్రోకరుని అన్నాడే గానీ, తనది తప్పని ఒక్కసారి అనలేదు. నాలుగో రోజు పొద్దున్న, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గోడకి అంటించిన కాగితంలో ఇంటర్వ్యూ చేసిన అధికారి మెయిలు చూసి, ఉత్తరం రాశాడు. కారు తనదే. పెట్టెకి అడ్డం పెట్టింది తనే. రాళ్ళు లాగింది తనే. తన భార్యకి ఇందులో ఏ పాపమూ తెలియదు. ఆ ఉద్యోగం ఆవిడకే ఇవ్వాలని చేతులు జోడించి వేడుకున్నాడు. పంపించాక గుండెల మీదనుంచి బరువు దిగినట్టయింది. మొదటిసారి, నిజంగా ఒక పని చూసుకున్నాననిపించింది.

తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చిన భార్యని కూర్చోబెట్టి చూపించాడు. ఆవిడ అలవాటు ప్రకారం వేలు పెట్టి వరసవరసా చదివింది.

"వీధి మొత్తం లైను పోయిందని నేను ఆ రోజే రాశాను" అంది. "ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ సందేశం కూడా జతచేశాను. అది ఎవరి తప్పూ కాదు కదా అని, ఇంటర్వ్యూ మంగళవారం మళ్ళీ పెడతామన్నారు. మీతో ఈవేళ చెబుదామనుకున్నాను."

జవాబు పదకొండు గంటలకి వచ్చింది. ఆయన నిజాయితీని సంస్థ ఎంతో మెచ్చుకుంటోందని అందులో రాశారు. అంతరాయం అభ్యర్థి ఇంటివాళ్ళ వల్లే కలిగిందని ఇప్పుడు తేలింది గనక, నియమం ప్రకారం మళ్ళీ ఇంటర్వ్యూ చేసే వీలు లేదని, కాంట్రాక్టు మాత్రం మరో ఏడాది పొడిగిస్తున్నామని కూడా రాశారు.

భార్య దాన్ని చదివి, భర్త రాసిన ఉత్తరం మళ్ళీ తెరిచి ఇంకోసారి చదివింది. ఆయన ఎదురుగా నిలబడి, తిడుతుందేమోనని కాదు, తిట్టదేమోనని భయపడ్డాడు.

"బాగా రాశారు" అంది చివరికి. "ఒక్క అక్షర దోషం లేదు."

ఆ తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరో డాక్టరు గబగబా చెప్పిన మాటలు టైపు చేయడం మొదలుపెట్టింది.

ఆ నెలలో ఆయన మొదలుపెట్టినవాటిలో మొదటి ప్రయత్నంలోనే, మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్ళింది ఆ ఒక్క ఉత్తరమే.