మీకు నాలుగు సాకెట్లు, నాకొకటి

ఆ గురువారం పొద్దున తేజేశ్వర్ అలారం కన్నా ముందే లేచి, స్నానం చేసి, పన్నెండు అడాప్టర్లను డైనింగ్ టేబుల్ మీద పెళ్ళివారికి తాంబూలాలు సర్దినంత శ్రద్ధగా సర్దాడు. అమెరికాలోని క్యారీ ఊళ్ళో మందుల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు అతనిది. జర్మనీ, ఇంగ్లండ్, ఇటలీల నుంచి ముగ్గురు అతిథులు మాత్రల్ని పొడి చేసి పరీక్షించే యంత్రమొకటి పట్టుకుని వస్తున్నారు. వాళ్ళకు కరెంటు అందించే బాధ్యత మేనేజర్ రాజ్ ఇతనికి అప్పగించాడు. తేజేశ్వర్ గ్రీన్ కార్డ్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆ రాజే. ఎనిమిది నెలలుగా చూద్దాం చూద్దాం అంటున్నాడు.

అందుకని తేజేశ్వర్ వారం రోజులు ప్లగ్గుల మీద తపస్సు చేశాడు.

"జర్మనీది రెండు గుండ్రటి పిన్నులు. ఇటలీది మూడూ ఒకే వరస. ఇంగ్లండుది మూడు పలకలు, ప్లగ్గులోనే ఫ్యూజ్. డెన్మార్క్ సాకెట్ అయితే అచ్చం నవ్వుతున్న మొహంలా ఉంటుంది," అని భార్య స్పందనకు వివరించాడు.

"డెన్మార్క్ నుంచి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. తెలిసుండాలి కదా."

"అల్లుడుగారూ, టిఫిన్ కానివ్వండి. గారెలకి పప్పు నానింది, నేను మిక్సీ వేసుకోవాలి," అంది వంటింట్లోంచి శేషమ్మ. కూతురి దగ్గర ఆరు నెలలుండి వెళదామని వచ్చిన ఆవిడ విజయవాడ నుంచి తన మిక్సీని వెంట తెచ్చుకుంది. అది అమెరికా కరెంటుకు సరిగ్గా తిరగదు గనక, వోల్టేజ్ పెంచే బరువైన ట్రాన్స్‌ఫార్మరూ, దానికి తగిలించిన, ఏ దేశపు ప్లగ్గయినా పట్టే ఇండియా ఎక్స్‌టెన్షన్ బాక్సూ వంటింటి గట్టు మీద కాపురం పెట్టాయి.

తొమ్మిదింటికి కాన్ఫరెన్స్ రూమ్‌లో జర్మన్ అతిథి ఒక అడాప్టర్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా కింద పెట్టాడు. దాని పిన్నులు యూరప్ గోడలకు, రంధ్రాలు అమెరికా ప్లగ్గులకు. అమెరికా వాళ్ళు యూరప్ వెళ్ళేటప్పుడు కొనుక్కునే సరుకది. పన్నెండూ అలాంటివే. యూరప్ అంతా చదివిన తేజేశ్వర్ తానున్నది నార్త్ కరోలినాలో అన్న ఒక్క ముక్క మరిచిపోయాడు.

రాజ్ టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో పుట్టి పెరిగాడు. పక్కవాళ్ళకు అర్థం కాకూడదనుకున్నప్పుడే తెలుగు మాట్లాడతాడు. అతిథుల వైపు నవ్వుతూనే, "తేజ్, ఇవి అన్నీ రాంగ్ సైడ్ ఉంది. నువ్వు ఏం చేసింది?" అన్నాడు.

తేజేశ్వర్ సొరుగులన్నీ వెతకడం మొదలుపెట్టాడు. ఇంతలో రిసెప్షన్ సొరుగులో సరైన అడాప్టర్ ఒక్కటంటే ఒక్కటి దొరికింది. దానికి యంత్రం తగిలించారు. అది ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. దానికి కావలసింది రెండు వందల ముప్ఫై వోల్టులు, గోడలో ఉన్నది అందులో సగం. పిన్నుల లెక్కలో పడి తేజేశ్వర్ వోల్టుల ఊసే ఎత్తలేదు. గ్రీన్ కార్డ్ కళ్ళ ముందే ఆవిరైపోతున్నట్టు అనిపించి, కారిడార్‌లోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాడు.

"స్పందనా, ఆ ట్రాన్స్‌ఫార్మరూ బాక్సూ తీసుకుని అర్జెంటుగా ఆఫీస్‌కి డ్రైవ్ చేసుకుని రా."

"అమ్మ పప్పు రుబ్బుతోంది తేజూ."

"నా గ్రీన్ కార్డ్ దాని మీదే ఉంది."

"పప్పు మీదా?"

"ట్రాన్స్‌ఫార్మర్ మీద."

అరగంటకు స్పందన ట్రాన్స్‌ఫార్మర్ మోసుకుంటూ వచ్చింది. వెనకాలే శేషమ్మ, ఒక చంకలో మిక్సీ, ఇంకో చేతిలో పప్పు గిన్నె.

"అత్తయ్యగారూ, మీరెందుకు?" అన్నాడు తేజేశ్వర్ నీరసంగా.

"సగం రుబ్బిన పప్పు ఎలా వదిలేస్తానండీ? బాక్సుకి ఐదు సాకెట్లున్నాయి. మీకు నాలుగు, నాకొకటి."

వాదించే వ్యవధి లేదు. పసుపు మరకల ఎక్స్‌టెన్షన్ బాక్సు మూడు దేశాల ప్లగ్గుల్నీ కిక్కురుమనకుండా పుచ్చుకుంది. యంత్రం తిరిగింది. రాజ్ ఊపిరి పీల్చుకున్నాడు. జర్మన్ అతిథి మూడో స్లైడ్‌లో ఉండగా మూల నుంచి మిక్సీ గర్రున అందుకుంది. రాజ్ కళ్ళు మూసుకున్నాడు.

జర్మన్ అతిథి ప్రసంగం ఆపి, లేచి వెళ్ళి, వంగి మిక్సీ జార్‌లోకి చూశాడు. ఎంతసేపు పడుతుందని అడిగాడు.

"మూడు నిమిషాలు," అంది శేషమ్మ రాజ్ ద్వారా. తర్వాత యంత్రాన్ని తేరిపార చూసి, "అంత యంత్రం పెట్టుకుని ఒక్క మాత్రకి ఇంతసేపా?" అంది.

రాజ్ చచ్చినట్టు అదీ అనువదించాడు. జర్మన్ అతిథి పగలబడి నవ్వాడు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఆ నవ్వుతో గదిలో బిగువు సడలిపోయి, పరీక్షలన్నీ మధ్యాహ్నానికే ముగిశాయి. తర్వాతి విడత జర్మనీలో పెట్టుకుందామనీ, కరెంటు సంగతి తెలిసిన ఈ మనిషినే పంపమనీ అతిథులు కోరారు.

సాయంత్రం రాజ్ భుజం తట్టాడు. "తేజ్, నీ గ్రీన్ కార్డ్ పేపర్ సైన్ చేసాను. నెక్స్ట్ మంత్ జర్మనీ నువ్వే వెళ్తుంది. నీ అడాప్టర్లు అక్కడ కరెక్ట్ సైడ్."

తేజేశ్వర్ మొహం వెలిగింది, వెలిగినంత వేగంగానే ఆరిపోయింది.

"నా వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయింది రాజ్. వెళ్తే తిరిగి రాలేను. కొత్త స్టాంపింగ్‌కి కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్లు దొరకట్లేదు."

"గ్రీన్ కార్డ్ వస్తుంది కదా?"

"వస్తుంది. ఇండియా వాళ్ళ క్యూ కదిలి, మా సాన్వి కాలేజీలో చేరేసరికి."

అతని కూతురు సాన్వికి ఇప్పుడు మూడేళ్ళు.

మరుసటి నెల రాజ్ ఒక్కడే జర్మనీ వెళ్ళాడు. అతని సూట్‌కేసులో పన్నెండు అడాప్టర్లూ వెళ్ళాయి. వాటికి స్టాంపింగ్ అక్కర్లేదు.