నిశ్చలం అనే కుట్టుమిషను

ఆ ఉదయం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. బడిపిల్లల యూనిఫారాలు సాయంత్రానికల్లా కుట్టి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఏటా వచ్చే బడి పని వీధి చివరి దర్జీకి పోతుందని హెడ్మాస్టరు మొహం మీదే చెప్పాడు. దారం అయిపోయిందని బజారుకెళ్లి వచ్చేసరికి, కిటికీ పక్కన కుట్టుమిషను ఉండాల్సిన చోట నేల మీద దాని కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

దొంగ ఎవరో పోల్చుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఆమె మొగుడు ఆధునిక శిల్పి. రాయి చెక్కడం, మట్టి పిసకడం చాదస్తమని ఎప్పుడో మానేశాడు. ఏ వస్తువునైనా దాని పనినుంచి తప్పించి నిలబెడితే అదే కళ అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యాన ఇదివరకోసారి వీధి తలుపు కళగా మారిపోతే, వానాకాలమంతా గుమ్మానికి దుప్పటి కట్టుకుని గడిపారు.

గుడ్డలమూట చంకనెత్తుకుని ఆమె ప్రదర్శనశాలకు పోయింది. తెల్లటి హాలు నడుమ, వెడల్పాటి అరుగు మీద తన మిషను. దాని కింద ‘నిశ్చలం’ అని పేరుపలక. పక్కనే నలగని చొక్కాలో మొగుడు.

"దింపండి" అంది.

"అలా అనకు. పని మానేశాకే దానికో అర్థం వచ్చింది."

"పని మానేసిందల్లా కళే అయితే మీరే ఎక్కి నిలబడాల్సింది. మధ్యలో నా మిషనెందుకు?"

మేనేజరు పరుగున వచ్చాడు. ఒకసారి ప్రదర్శనలో పెట్టిన వస్తువు చివరి రోజుదాకా గుమ్మం దాటడానికి వీల్లేదనీ, మీవారు ఒప్పుకున్నాకే పెట్టామనీ చల్లగా చెప్పాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాటనివ్వకపోతే ఇక్కడే కుడతానని అరుగెక్కి, స్టూలు లాక్కుని తొక్కడం మొదలుపెట్టింది.

మేనేజరు ఆపబోయాడు. అప్పుడే లోపలికొచ్చిన కళావిమర్శకుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నిశ్చలమని పేరు పెట్టి, దాన్ని పరుగెత్తించడంలో ఎంత ధిక్కారం ఉందో చూడమన్నాడు. జనం మూగారు. ఆమె కుడుతూనే మొగుణ్ణీ, ఆయన కళనీ, ఆయన్ని కని తన మెడకు అంటగట్టినవాళ్లనీ వరసపెట్టి దులిపేసింది. జనం తలలూపుతూ విన్నారు.

"ఈ మాటలెవరు రాశారండీ?" అని విమర్శకుడు శిల్పిని అడిగాడు.

ఆయన కాస్త సిగ్గుపడి, "నేనే" అన్నాడు.

అది ఆమె చెవిన పడింది. అంతే, మిషను ఇంకా వేగంగా తిరిగింది.

ఎండ వాలేసరికి మిషను కుట్టు అయిపోయింది. మూట కట్టుకుని దిగితే మేనేజరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చొక్కాలు కూడా ఇప్పుడు ప్రదర్శనలో భాగమట. బడి పని పోతే పొయ్యిలో పిల్లి లేవదని శిల్పికీ తెలుసు. మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది.

"అయ్యా, ఇది కళా కాదు, కాకరకాయా కాదు. ఉత్త మిషను. ఆవిడ నా భార్య. అవి పిల్లలు తొడుక్కునే చొక్కాలు."

విమర్శకుడి కళ్లు చెమర్చాయి. "తన సృష్టిని తానే కాదనడం. ఆధునికత అంటే ఇదండీ."

ఆమె మూటలోంచి ఓ చొక్కా లాగి మేనేజరు ముక్కు ముందు పట్టుకుంది.

"దీనికి బొత్తాలేవీ?"

లేవని ఆయన ఒప్పుకున్నాడు.

"అయితే మీ ‘నిశ్చలం’ ఇంకా పూర్తికాలేదు. పూర్తికానివి మీరు పెడతారా?"

పెట్టరు. అదీ ఆ శాల నియమమే. నియమం తప్పుతుందేమోనన్న భయంతో మేనేజరే కూలీలను పిలిచి మిషనునీ మూటనీ బండెక్కించాడు. ఇంటికి పోయాక శిల్పి సూదుల్లో దారం ఎక్కిస్తుంటే ఆమె బొత్తాలు కుట్టింది. దీపాలు పెట్టేవేళకు హెడ్మాస్టరు చొక్కాలు తీసుకుని, వచ్చే ఏడు పని కూడా ఆమెకే ఖాయం చేశాడు.

మర్నాడు ప్రదర్శనశాలనుంచి కబురొచ్చింది. ఖాళీగా మిగిలిన అరుగుకి ప్రథమ బహుమతి. అక్కడేమీ లేదు మొర్రో అని శిల్పి వెళ్లి అరిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంట్లో ఒక్క వస్తువూ పోకుండా ఆయన చేసిన కళాఖండం అదొక్కటే.