ముసలమ్మకు స్కానింగు

ఆ ఉదయం ఆ ఇంట్లో పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కూతురు ఆఫీసు నుంచి వస్తూ ఆసుపత్రి దగ్గర ఆగి, అమ్మ మోకాలి స్కానింగు రిపోర్టు తీసుకురావాలి. అల్లుడు ప్రయోగశాలకు వెళ్ళాలి. రిటైరైన టీచరమ్మ కాలు చాపుకుని కూర్చోవాలి. ఆవిడ భర్త, గడియారాలు బాగుచేసే పెద్దమనిషి, ఆవిడ చేత రోజూ తినే చివాట్లు తిని తన పని చూసుకోవాలి. తలకిందులు కావడానికి ఇందులో ఏమీ లేదు.

చివాట్లకు కారణం గడియారాలే. కొట్టు మూసేశాక ఆయన వాటన్నిటినీ తెచ్చి పడగ్గది గోడలకు తగిలించాడు. అవి రాత్రంతా టిక్కుటిక్కుమంటూ, గంట గంటకూ ఒకదాని తర్వాత ఒకటి మోగుతుంటే టీచరమ్మ బడి గంట విన్నట్టు ఉలిక్కిపడి లేచేది. వాటి నోరు మూయించమని ఆవిడ, నడిచే గడియారాన్ని ఆపడానికి చేతులు రావని ఆయన. కొట్టు మూసిన నాటి నుంచీ ఇదే తంతు.

అల్లుడిది వింత ఉద్యోగం. ఆసుపత్రుల్లో మనుషులకు తీసే స్కానింగు లాంటిదే అతను రాళ్ళకు తీస్తాడు. అందుకే అత్తగారు అతనికి "రాళ్ళ డాక్టరు" అని పేరు పెట్టింది. అయినా నిన్న ఆవిడ ఆ గొట్టం లాంటి యంత్రంలోకి వెళ్ళనని మొరాయిస్తే, నచ్చజెప్పింది అతనే.

"ఏం లేదు అత్తయ్యగారూ, అదొక పెద్ద అయస్కాంతం, అంతే. మన ఒంట్లో నీళ్ళుంటాయి కదా, రేడియో తరంగాలతో వాటిని కాస్త తట్టి లేపితే తిరిగి పలుకుతాయి. ఎక్కడ ఎలా పలికాయో చూసి బొమ్మ గీస్తుంది. రాయి లోపలి నీళ్ళైనా, మోకాలి లోపలి నీళ్ళైనా దానికి ఒకటే."

"అంటే నేనూ రాయీ ఒకటేనన్నమాట" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది. అయస్కాంతానికీ గడియారానికీ పడదు కనుక, ఆవిడ భర్త చేతి గడియారాన్ని పొదివి పట్టుకుని ఆసుపత్రి బయట వీధిలోనే నిలబడ్డాడు.

ప్రస్తుతం రాళ్ళ డాక్టరు చూస్తున్న రోగి, చలికి నీళ్ళు గడ్డకట్టే ఆ కొండ ఊరి మధ్య నది మీద ఉన్న పాత రాతి వంతెన. దాని కాళ్ళ నుంచి తొలిచి తీసిన ముక్కలను స్కాను చేసి, లోపల ఎక్కడ నీరు చేరిందో, ఎక్కడ బీటలు వారిందో చూస్తున్నాడు. ప్రయోగశాలలో అందరూ ఆ వంతెనను ముద్దుగా "ముసలమ్మ" అంటారు. ఆ ముద్దుపేరు ఇంట్లో చెప్పాలని మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు.

ఆ ఉదయం అతను బాల్కనీలో నిలబడి తన పై ఆఫీసరుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పేపరు కోసం వచ్చిన గడియారాలాయన తలుపు వెనకే ఆగిపోయాడు.

"నిన్నటి స్కానింగు చూశాక నాకు నిద్ర పట్టలేదు సార్. ముసలమ్మ పైకి గట్టిగానే కనిపిస్తోంది గానీ లోపలంతా నీరు చేరింది. అది గడ్డకట్టిందంటే ఇక అంతే. ఈ చలికాలం గడవడం కష్టం... అప్పుడే ఎవరికీ చెప్పొద్దు సార్, కంగారుపడిపోతారు. ఇన్నేళ్ళూ ఎంతమందిని మోసింది, పాపం! ఒక్కనాడైనా పట్టించుకున్నామా?"

మగవాడి గురించైతే మన భాషలో "మోశాడు" అంటాం కనుక ఇబ్బంది లేదు. ఆడమనిషీ వంతెనా మాత్రం క్రియ దగ్గరికి వచ్చేసరికి ఒకటైపోతాయి. ఆవిడా మోసింది, అదీ మోసింది. పైగా నిన్న స్కానింగు జరిగింది ఆవిడకే. గడియారాలాయన పేపరు తీసుకోకుండానే గోడ పట్టుకుని గదిలోకి వచ్చాడు.

"స్క్రూలన్నీ మంచం మీద పోశారేంటండీ! నేను ఎక్కడ కూర్చోవాలి?" అంది టీచరమ్మ.

"తప్పు నాదే" అన్నాడాయన.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆయన స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు. తర్వాత స్టూలు ఎక్కి గోడ గడియారాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఆపేశాడు. ప్రతిదాని మీదా ఒక నిమిషం చెయ్యి ఉంచాడు. తను వీధిలో నిలబడి ముచ్చటగా వాచీని కాపాడుకుంటుంటే ఆవిడ ఒంటరిగా ఆ గొట్టంలోకి వెళ్ళిందన్న సంగతి ఆయన్ని తొలిచేస్తోంది.

గది నిశ్శబ్దమైపోయింది. టీచరమ్మకు భయం వేసింది. తప్పు నాదే అనడం, గడియారాలు ఆపడం, కళ్ళలో ఆ తడి. ఈయనకు ఏదో పెద్ద జబ్బే వచ్చి ఉంటుంది, నా దగ్గర దాస్తున్నాడు, అనుకుంది. వెంటనే కుంటుకుంటూ వెళ్ళి టీలో రెండు చెంచాల పంచదార ఎక్కువే వేసి తెచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

"ఏవండీ, ఈ స్ప్రింగు ఎలా పనిచేస్తుందో చెబుతానని ఎప్పుడూ అంటుంటారుగా. చెప్పండి, వింటాను."

పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ వినని విషయం అది. అయ్యో, దీనికి తెలిసిపోయింది, అనుకున్నాడాయన. స్ప్రింగు గురించి రెండు ముక్కలు చెప్పి, "ముందు నువ్వు తాగు" అని టీ ఆవిడ చేతిలోనే పెట్టాడు. ఆ మాటతో ఆవిడ అనుమానం రూఢి అయింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఆఫీసుకు బయల్దేరుతూ కూతురు గదిలోకి తొంగిచూసి హడలిపోయింది. అమ్మానాన్నా పోట్లాడుకోవడం లేదు! రోడ్డు మీద నుంచే భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, స్కానింగులో ఏం తేలిందో మీకు తెలుసా?"

"తెలుసు. నీకెవరు చెప్పారు?"

"నాన్న ముఖమే చెప్పింది."

"మామయ్యగారికి కూడా తెలిసిపోయిందా! ఎవరికీ చెప్పొద్దని అంత గట్టిగా చెప్పానే!"

"ఎంత దూరం వచ్చిందండీ?"

"నడిమి కాలు పూర్తిగా పోయినట్టే. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలంటున్నారు కొందరు. నేను మాత్రం ఒప్పుకోను. సరే, మీటింగు మొదలైంది, సాయంత్రం మాట్లాడదాం" అని అతను పెట్టేశాడు.

నడిమి కాలేమిటో ఆమెకు అర్థం కాలేదు. కాలు తీసేస్తారన్నది మాత్రం అర్థమైంది. బస్సు స్టాపులో కూలబడి, సెలవు పెట్టేసి, సాయంత్రం దాకా ఆగకుండా ఆసుపత్రికే పరుగెత్తింది. రిపోర్టు ఇంకా తయారు కాలేదు, కూర్చోమన్నారు. కూర్చుంది.

ఇంట్లో గడియారాలాయన జీవితంలో చేయనని ఒట్టు పెట్టుకున్న పని చేశాడు. టీచరమ్మ అక్కకు ఫోన్ చేశాడు. ఆవిడకూ ఆయనకూ ఉప్పూ నిప్పూ. కానీ టీచరమ్మకు అక్కంటే ప్రాణం.

"వదినగారూ, మీ చెల్లెల్ని ఒక్కసారి చూసిపోండి. ఇంతకంటే నన్నేం అడక్కండి."

మధ్యాహ్నానికల్లా వదినగారు పెట్టెతో సహా దిగి, గుమ్మంలోనే చెల్లెల్ని కావలించుకుని గొల్లుమంది.

"ఊరుకో అక్కా. ఈయన కోసం ఇంత బాధపడతావని నేను అనుకోలేదు" అని టీచరమ్మ కూడా ఏడ్చింది.

"ఈయన కోసం నేనెందుకు ఏడుస్తాను?" అంది వదినగారు ఠక్కున ఆగి. అంతలో, పాపం బాధలో ఏదో మాట్లాడుతోందిలే అనుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రం కూతురు చేతిలో రిపోర్టు కవరుతో, విప్పే ధైర్యం లేక, వచ్చి ఒక మూల కూర్చుంది. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్న ఆ సమయంలో అల్లుడు ఉత్సాహంగా లోపలికి వచ్చాడు.

"మామయ్యగారూ! ముసలమ్మను బతికించేశాం!"

గడియారాలాయన లేచి అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. వదినగారు దేవుడికి దండం పెట్టుకుంది.

"పడగొట్టాలని పట్టుబట్టినవాళ్ళు కూడా చివరికి ఒప్పుకున్నారండీ. నడిమి కాలికి కాస్త సిమెంటు ఎక్కిస్తే చాలు. ఇక ముసలమ్మ మీద నుంచి లారీలు పోకూడదు. మనుషులూ సైకిళ్ళూ వెళ్తే ఏం కాదు."

వదినగారి దండం సగంలో ఆగిపోయింది.

"ఎవరి మీద నుంచి?" అన్నాడు గడియారాలాయన. "మీ అత్తయ్య మీద నుంచా?"

అల్లుడు అందరి ముఖాలూ చూశాడు. ఉబ్బిన కళ్ళు చూశాడు, వదినగారి పెట్టె చూశాడు. ఉదయం తన ఫోన్ మాటలు, భార్య అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. ముసలమ్మంటే వంతెన అని అతను చెప్పడం, కూతురు కవరు చింపడం ఒకేసారి జరిగాయి. మోకాలి గుజ్జు కాస్త అరిగిందట. రోజూ వ్యాయామం చేయాలట. ఇంకేమీ లేదు.

కూతురు నవ్వుతూ ఏడ్చింది. టీచరమ్మ మాత్రం భర్త వంకే చూస్తోంది.

"అయితే పొద్దుట్నుంచీ మీరు, నేను పోతాననుకున్నారా?"

"అనుకున్నాను" అన్నాడాయన. "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనేం చేయాలో నాకు తెలియలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళద్దుకుంది. "నేను మీరు పోతారనుకున్నాను."

"నేనా? నాకేమైందని?"

"తప్పు నాదే అన్నారుగా."

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఆయన మెల్లగా లేచి, స్టూలు లాక్కుని, ఒక గడియారానికి కీ ఇవ్వబోయాడు.

"దిగండి" అంది టీచరమ్మ. "పోయేదానికి ఇచ్చిన నిశ్శబ్దం ఉండేదానికి చెల్లదా?"

ఆయన ఆలోచించాడు. కీ జేబులో వేసుకుని స్టూలు దిగాడు. దిగేటప్పుడు ఆవిడే చెయ్యి అందించింది. ఆ చేతిని ఆయన చాలాసేపు వదల్లేదు.

వదినగారు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, పెట్టె తెరిచి, చీరలు తీసి అలమారలో సర్దడం మొదలుపెట్టింది.

"ఎవరూ పోవట్లేదన్నమాట. చల్లటి కబురు విన్నాను మరిదిగారూ. అయితే నేనూ ఇప్పట్లో పోను."

వదినగారు మాట మీద నిలబడే మనిషి.