ఏడో పొర రంగు

ఊళ్లో ఏ మేడకు ఏ ఇటుక ఎప్పుడు పేర్చారో చెప్పగలిగిన మొగుడికి, సొంత వంటింటికి సున్నం కొట్టించి పదకొండేళ్లయిందని మాత్రం తెలియదు. అదీ ఆ ఇల్లాలి బాధ. గుర్తుచేస్తే, పాతదనాన్ని పాడుచేయకూడదే అంటాడు. పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీరును కట్టుకుంటే అంతే మరి.

ఆ రోజు పదింటికి నూరేళ్ల గ్రంథాలయానికి మొదట వేసిన రంగేదో కమిటీ తేల్చాలి. ఆరు పొరలు గీకి, అడుగున ఉన్న ఏడో పొర నుంచి తీశానన్న గోరంత పెచ్చును మాత్రల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను వంటింటి అరమీద ఉంచి ఆయన స్నానానికి వెళ్లాడు. ఆవిడ దుమ్ము దులుపుతుంటే డబ్బా బోర్లా పడింది. పెచ్చు కాస్తా సింకులోకి జారి, కుళాయి నీళ్లతోపాటు చక్కా పోయింది.

ఆయన ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది. వంటింట్లో ఎవరు పెట్టమన్నారని దెబ్బలాడటానికి టైము లేదు. చాకుతో పొయ్యి వెనక గోడ గీకి, అంతే పెచ్చు డబ్బాలో వేసింది. సున్నం ఎక్కడైనా సున్నమేగా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

మనసు ఊరుకుంది గానీ, కమిటీలోని చరిత్ర ప్రొఫెసరు ఊరుకోలేదు. పదకొండింటి నుంచి మొగుడు గంటగంటకూ ఫోన్ చేశాడు. ప్రొఫెసరు భూతద్దంలో చూస్తే పెచ్చులో మసి కనబడిందట. గ్రంథాలయం ఒకప్పుడు తగలబడిందని తేల్చేశాడట. పన్నెండింటికి నూనె జిడ్డు కూడా దొరికింది. సున్నంలో నూనె కలిపే మరుగునపడ్డ విద్య బయటపడిందని విలేకరి ఫొటోలు తీసుకున్నాడు. ఒంటిగంటకు అగ్నిప్రమాదం పేరిట శిలాఫలకానికి ఆర్డరిచ్చారు. రెండింటికి ముందుగోడకు జిడ్డు గోధుమరంగు పూయడం మొదలైంది.

ఇక ఆవిడ కాలు నిలవలేదు. చెప్పులేసుకుని పరుగున వెళ్లి, పరంజా కింద నిలబడ్డ మొగుడికి జరిగిందంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. అటూ ఇటూ చూశాడు.

"నువ్వు పారబోసింది కూడా గ్రంథాలయానిది కాదే. అసలుది నిన్ననే గాలికి ఎగిరిపోయింది. మళ్లీ గోడ గీకితే కమిటీ ఊరుకోదు. అందుకని మన పడగ్గది తలుపు వెనక గీకాను."

"అయితే రెండూ మన గోడలేనా?"

"కాపురం మనదేగా."

"చెప్పేద్దాం పదండి."

"నా ఉద్యోగం?"

"చెప్పకపోతే ఊరంతా కలకాలం మన వంటింటి జిడ్డు చూస్తూ బతకాలి."

పరంజా మీది ముసలి పెయింటరు ఇదంతా విన్నాడు. "మొదటి రంగు ఆరగానే పేరుబోర్డు బిగిస్తారు సారూ. తర్వాత వచ్చినవాళ్లం ఎవరమూ దాన్ని దింపం, చుట్టూ రంగు కొట్టేసి పోతాం. మొదటి రంగు దాని వెనకే ఉంటుంది. నన్నొక్కరూ అడగలేదు" అన్నాడు.

బోర్డు దింపారు. వెనక లేత ఆకుపచ్చ రంగు, నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది. కమిటీ అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. ఇంజినీరు హాయిగా ఊపిరి పీల్చుకుని, జారుకుందామని ఒక అడుగు వేశాడు కూడా.

"మరి అగ్నిప్రమాదం?" అన్నాడు ప్రొఫెసరు నీరసంగా. అప్పటికే ఆరు పేజీలు రాసుకున్నాడు.

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"జరగలేదండీ. పొరపాటు నాది. ఆ మసి మా ఆవిడ పొయ్యిది."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. అందులోనూ పొయ్యి మాత్రం ఆవిడదే.