పన్నెండు మంది చాలు

వనిత ఆ పొద్దున వేసుకున్న లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. పన్నెండింటికి సంతకాలు, రెండు గంటలకు ఇంగ్లండులోని ప్రొఫెసర్‌తో వీడియో కాల్, సాయంత్రం బస్సుకు కోరుట్లలోని ఇంటికి.

ఆమె ఇంగ్లండులో ప్రజారోగ్యంలో పీజీ చేస్తోంది. మరమగ్గాల మోతకు కార్మికుల చెవులు ఏమవుతున్నాయన్నది ఆమె థీసిస్. పన్నెండు మందిని ప్రశ్నలడిగి రాయాలి. ముందుగా ఒక్కొక్కరి చేత మూడు పేజీల అంగీకార పత్రం మీద సంతకం చేయించాలి. మొదటి మనిషితో మాట్లాడేటప్పుడు ప్రొఫెసర్ వీడియోలో చూడాలి. ఇందులో ఏది తప్పినా చదువు ఇంకో ఏడాది సాగుతుంది. అందుకే మరమగ్గాల ఊరైన సిరిసిల్లలో చిన్నమ్మ ఇంద్రమ్మ ఇంట్లో దిగింది.

"పన్నెండు మందే గదా బిడ్డ. నువ్వు చాయ్ తాగు, నేను చెప్పొస్త," అంటూ ఇంద్రమ్మ చెప్పులేసుకుంది.

వీధి చివరి కార్ఖానాలో నలభై మరమగ్గాలు, ఆ ఊరి మాటలో సాంచాలు, ఒక్కసారే ఆడుతున్నాయి. గుమ్మంలో నిలబడి ఇంద్రమ్మ గొంతెత్తింది. "మా వనిత థీసిస్‌కు సంతకాలు గావాలె. పన్నెండు గొట్టంగ ఇంటికి రాండ్రి." లోపల నాలుగైదు చేతులు ఊగాయి. పనైపోయిందనుకుని తిరిగొచ్చింది.

పన్నెండు కాకముందే బుచ్చన్న వచ్చాడు. ఆ కార్ఖానాలోనే ముప్పై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్న మనిషి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆధార్ జిరాక్సు, నాలుగు పాస్‌పోర్టు ఫోటోలు పట్టుకొచ్చాడు.

"ఫోటోలెందుకు కాకా?"

"ఉండనీ బిడ్డ. మళ్ల మళ్ల తిరుగుడెందుకు."

ఎంత ముందుచూపని వనిత మురిసిపోయింది. పత్రం చదివి వినిపించబోతే ఆయన వద్దన్నాడు. మూడు పేజీల మీదా సంతకం చేసి, ఎందుకైనా మంచిదని పక్కన వేలిముద్ర కూడా వేశాడు.

"ఎంతసేపైతది?"

"నలభై నిమిషాలు కాకా."

"మంచిగుంది. దుబాయ్‌కి మా తమ్మునికి ఆర్నెల్లు పట్టె."

ఆ మాట ఆమెకు అర్థమయ్యేలోపే గేటు చప్పుడైంది. చూస్తే వీధి వీధంతా మనుషులే. కార్ఖానా వాళ్లు చుట్టాలకు ఫోన్లు చేసినట్టున్నారు. ఒంటిగంటకల్లా చందుర్తి నుంచి రెండు ఆటోలు, గంభీరావుపేట నుంచి ఒక ట్రాలీ వచ్చి ఆగాయి. బాలమణి అనే పెద్దావిడ మూత బిగించిన మామిడికాయ తొక్కు డబ్బాను బల్ల మీద పెట్టింది.

"గక్కడ దొరకదట గదా," అంది.

వనిత డబ్బా మీంచి తలెత్తింది. "గక్కడంటే ఎక్కడ అవ్వా?"

"లండన్ల. వీసాలకు సంతకాలు తీస్తున్నవట గదా."

వనిత పెన్ను పక్కన పెట్టింది. మెల్లగా చిన్నమ్మ వైపు చూసింది.

"నేనైతే సక్కగనే చెప్పిన," అంది ఇంద్రమ్మ.

ఇక దాచి లాభం లేదని వనిత కుర్చీ ఎక్కి నిలబడింది. "వీసాలు లెవ్వు. చెవుల గురించి నాలుగు ముచ్చట్లు అడుగుత, గంతే."

బుచ్చన్న గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"బిడ్డ, పొద్దుగాల సేటు మొకం మీదనే చెప్పొచ్చిన. రేపటి సంది రాను, నీ సాంచాలు నువ్వే నడుపుకో అని. ఇంక శాన అన్న."

"ఇంకేమన్నవ్ కాకా?"

"ముప్పై ఏండ్ల సంది మనసుల ఉన్నదంత."

వనిత ఆయన సంతకం చేసిన పత్రం వైపు చూసింది. పాల్గొన్నవారికి ఏ నష్టమూ కలగదని ఆ పత్రంలో ఆమె తన పేరు మీద రాసిచ్చింది. అప్పుడే రెండయింది. ఫోన్ తెరలో ప్రొఫెసర్ కనిపించింది. వాకిట్లోని జనాన్ని, ఆటోలను, తొక్కు డబ్బాను చూసి, "వీరిలో మొదటి వ్యక్తి ఎవరు?" అని నెమ్మదిగా అడిగింది.

వనిత నోరు తెరిచేలోపే జనం పక్కకు జరిగారు. కార్ఖానా యజమాని, సేటు ప్రేమ్‌కుమార్ లోపలికి వచ్చాడు. బుచ్చన్న తల దించుకున్నాడు.

"గీడున్నవా బుచ్చన్నా. పొద్దుగాల ఏందో చెప్తివి, సరిగ్గ ఇనపడలే. నీ బిడ్డ శ్రీమంతమంటివా? రెండ్రోజులు సెలవు తీస్కో."

బుచ్చన్న చప్పున లేచి నిలబడ్డాడు. "రెండ్రోజులు సాలు సేటూ," అన్నాడు.

వనిత ప్రొఫెసర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ప్రొఫెసర్ ముందుకు వంగింది. "మీ పిన్ని మాట కార్ఖానాలో ఎవరికెలా వినిపించిందో ఇప్పుడే అడుగు."

అడిగితే, ఇరవై ఒక్క మందికి వీసా అని వినిపించింది. తొమ్మిది మందికి బీమా, ఆరుగురికి పింఛను. గుమ్మం పక్క సాంచె నడిపే ఆయనకు ఏమీ వినిపించలేదు, అందరూ పోతుంటే వచ్చాడు. థీసిస్ అని విన్నవాడు ఒక్కడూ లేడు.

"ఇరవై ఏళ్లలో ఇంత స్పష్టమైన ఫలితం నేను చూడలేదు. పన్నెండు మందితో ఆపకు, కార్ఖానా మొత్తాన్నీ రాయి," అంది ప్రొఫెసర్. వనితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రొఫెసర్ ఇంకో మాట కూడా చెప్పింది. సంఖ్య పెరిగింది కాబట్టి యూనివర్సిటీ అనుమతి మళ్లీ కొత్తగా తీసుకోవాలి. ఇరవై ఆరు పేజీల దరఖాస్తు సాయంత్రంలోగా పంపాలి.

దరఖాస్తులో మొదటి ప్రశ్న, ఈ పరిశోధన వల్ల ఎవరికైనా అసౌకర్యం కలిగే అవకాశం ఉందా అని. వాకిట్లో ఇంద్రమ్మ ఇంకా జనాన్ని బతిమాలి ఆటోలెక్కిస్తుండగా, వనిత అక్కడ 'లేదు' అని రాసింది.